గానుగ నూనె లేబుల్‌కీ బోర్డుకీ లావుపాటి గుండ్రటి తెలుగు ఫాంట్ కావాల, సలహా చెప్పండి

గానుగ_అనంత (అనంతపురం)

అందరికీ నమస్తే. మాది అనంతపురం, ఇంట్లో గానుగ నడుపుతాండాం. చెనిక్కాయ నూనె, నువ్వుల నూనె, కుసుమ నూనె. ఇన్నాళ్లూ క్యాన్ తెచ్చుకున్నోళ్లకి పోసిచ్చేది, ఇప్పుడు సీసాల్లో పెట్టి అంగళ్లకి వెయ్యాలని చూస్తాండాం. లోగో, సీసా మీది లేబుల్, షాపు మీద బోర్డు మూడూ ఒకే అక్షరంతో ఉండాలని నా కోరిక. నా మనసులో ఉండేది ఫ్యూచురా బోల్డ్, గోథమ్, పాపిన్స్ బ్లాక్ లాంటి అక్షరం, అంటే ఓ అక్షరం కాంపాస్‌తో గీసినట్టు గుండ్రంగా ఉండాల, గీత చివర్ల తోకలు కొక్కేలు ఏమీ ఉండకూడదు, గీత అంతా ఒకే లావు. రోడ్డు అవతల నుంచి చూసినా పేరు కొట్టొచ్చినట్టు కనపడాల. ఇంగ్లీషులో ఇట్లాంటివి కావాల్సినన్ని ఉండాయి, తెలుగులో ఎతికితే పెళ్లిపత్రిక ఫాంట్లో లేకుంటే పేపర్లో వార్త రాసే సన్న ఫాంట్లో తగుల్తాండాయి. పేరు ఇంకా ట్రేడ్‌మార్క్ అప్లికేషన్‌లో ఉండాది కాబట్టి ఇక్కడ పూర్తిగా రాయలేను. రెండు మాటలు, మొదటిది గానుగ, రెండోదాంట్లో ‘ద్ర’ వస్తాది.

ఆదోని_99

రామభద్ర వాడు అన్నా, గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీ. మంచి లావుగా ఉంటుంది, పోస్టర్లకి మేం అదే వాడతాం.

వెక్టర్_సీమ (అనంతపురం, ఇప్పుడు బెంగళూరు)

రామభద్ర లావు సరే గానీ అన్న అడిగే జామెట్రిక్ ఫీల్ దాంట్లో రాదు.

ముందు ఒక మాట. జామెట్రిక్ అంటే కాంపాసూ స్కేలూ పెట్టి గీసి పారేసింది అనుకుంటారు చానామంది. ఫ్యూచురా గీసింది పాల్ రెన్నర్, 1927లో జర్మనీలో బాయర్ ఫౌండ్రీ వాళ్లు విడుదల చేసినారు. మొదట్లో ఆయన నిజంగానే వృత్తం, చతురస్రం ముక్కలు పేర్చి కొన్ని అక్షరాలు గీసినాడు, చివరికి విడుదలైన ఫాంట్‌లో వాటిల్లో చానావరకు లేవు. అదే ఫ్యూచురాలో బోల్డ్ ఓ ని జూమ్ చేసి చూడు, పైనా కిందా గీత పక్కలకన్నా సన్నంగా ఉంటాది, పక్కనుండే హెచ్ కన్నా ఓ పైకీ కిందికీ ఒక వెంట్రుకవాసి దాటి ఉంటాది. ఎందుకంటే మన కంటికి అడ్డగీత నిలువుగీత కన్నా లావుగా అనిపిస్తాది, గుండ్రంగా ఉండేది పలకగా ఉండేదానికన్నా పొట్టిగా అనిపిస్తాది, ఆ రెండూ సరిచేస్తేనే ఒకే లావు, ఒకే ఎత్తు అన్నట్టు కనపడేది. పాపిన్స్‌లో కూడా అంతే, గుండ్రం వచ్చి నిలువుగీతకి అతుక్కునే చోట గీతని పల్చన చేసినారు, లేకుంటే అక్కడ నల్లగా మచ్చ కట్టినట్టు ఉంటాది.

తెలుగు అక్షరాలు పుట్టుకతోనే గుండ్రం కాబట్టి మనకి ఈ స్టైల్ ఈజీగా రావాల. నేనైతే రెడీమేడ్ ఫాంట్ వదిలేసి పేరు వరకు కొత్తగా గీయిస్తా. ఒక సున్న తీసుకో, దాన్నుంచే గ, న, ద అన్నీ కట్టు, తలకట్టు తీసెయ్. క్లీన్‌గా, మోడర్న్‌గా ఉంటాది, సీసా మీద ఇంగ్లీష్ పక్కన పెట్టినా తేడా తెలీదు.

కర్నూల్_బ్రష్ (కర్నూలు)

తమ్ముడూ, నేను కర్నూల్లో బోర్డులు రాసేవాణ్ణి, ఫ్లెక్సులు రాకముందు నుంచీ ఇదే పని. ఓ గురించి నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, మేం చేత్తో చేసేదీ అదే, సున్న చుట్టేటప్పుడు పైనా కిందా బ్రష్ తేల్చి పోనిస్తాం. దారం కొట్టిన గీత దగ్గరే సున్నని ఆపితే కిందికి దిగి చూసినప్పుడు అది కుంచించుకుపోయినట్టు ఉంటుంది, అందుకే గీత దాటించి రాస్తాం.

కానీ తలకట్టు తీసెయ్యమనేదానికి నేను ఒప్పుకోను. తలకట్టు సోకుకి పెట్టింది కాదు, ఆ హల్లుకి అకారం ఉంది అని చెప్పే గుర్తు అది. గ కి గుడి పెట్టు, గి అవుతుంది, తలకట్టు పోయి దాని చోట గుడి కూర్చుంటుంది. ఎత్వం పెట్టినా అంతే, పొల్లు పెట్టినా అంతే. అంటే తెలుగు చదివే కన్ను అక్షరం నెత్తినే చూస్తుంది, అక్కడ ఏముందో దాన్నిబట్టే గ నా గి నా గె నా అని పట్టుకుంటుంది. నువ్వు తలకట్టు తీసేస్తే గ లో మిగిలేది ఒట్టి ఆర్చి, దాన్ని ఎవరైనా అక్షరం అనుకుంటారా, డిజైన్ అనుకుంటారా? పైగా ఈయన పేరులో గ రెండుసార్లు వస్తుంది. నూనె కొనేది మన ఇళ్లల్లో ఆడోళ్లు, పెద్దోళ్లు, అంగట్లో అరమీద వరసగా పెట్టిన సీసాల్లో ఒక్క చూపులో పేరు చదవాల వాళ్లు.

ఇంకోటి, తెలుగు పుట్టుకతో గుండ్రమే గానీ ఒకే గుండ్రం కాదు. సున్న గుండ్రం వేరు, ర గుండ్రం వేరు, ద పొట్ట వేరు, ఒత్తులో వచ్చే గుండ్రం మళ్లీ వేరు. అన్నిటికీ ఒకే సున్న అచ్చు గుద్దితే అక్షరాలన్నీ ఒకదానిలాగే ఇంకోటి కనపడతాయి, దూరం నుంచి అస్సలు తెలీదు. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాల్లో సున్న లాంటివి ఓ, క్యూ, సి, జి అంతే, మిగతావాటిల్లో చానావరకు నిలువుగీతలో ఏటవాలు గీతలో ఉంటాయి, కాబట్టి వాళ్లకి ఆ పద్ధతి సరిపోయింది. మనకి ఏ అక్షరం చూసినా గుండ్రమే కదా, తేడా చూపించేది లోపల ఉండే సందులు, చుక్కలు, నెత్తిన గుర్తులు. వాటిని కాపాడుకుంటూ లావు చెయ్యాల.

గానుగ_అనంత

అన్నా ఇది బాగా చెప్పినావు. తలకట్టు ఉండాల్సిందే, మా అమ్మకి చూపిస్తే కూడా అదే అనింది. ఇంతకీ పాపిన్స్‌లో తెలుగు ఉండాదా? ఇండియన్ టైప్ ఫౌండ్రీ వాళ్లదే కదా అది.

కడప_డీటీపీ (కడప)

పాపిన్స్‌లో తెలుగు లేదు తమ్ముడూ. ఇంగ్లీషూ దేవనాగరీ రెండే. అదే ఫౌండ్రీ వాళ్లది హింద్ గుంటూరు అని తెలుగు ఫాంట్ ఉంది, ఐదు లావుల్లో వస్తుంది, కానీ అది యాప్‌లూ వెబ్‌సైట్లలో చదవడానికి చేసింది, దాంట్లో బోల్డ్ బోర్డు మీద తేలిపోతుంది. లేబుల్ వెనకాల చిన్న అక్షరాలకి మాత్రం చానా నీట్‌గా ఉంటుంది, అక్కడ వాడుకో.

నీ పనికి దగ్గరగా వచ్చేవి నాకు తెలిసి రెండు. ఒకటి బాలూ తమ్ముడు, ముంబైలో ఏక్ టైప్ వాళ్లు చేసింది. గుండ్రంగా, బొద్దుగా, మూలలన్నీ మెత్తగా ఉంటాయి. బాగుంటుంది, చదవడానికీ తేలిక, కానీ పిల్లల బిస్కెట్ ప్యాకెట్‌కి సరిపోయే ముఖం దానిది, గానుగ నూనెకి కొంచెం బరువు కావాలి కదా. రెండోది అనేక్ తెలుగు, అదీ ఏక్ టైప్ వాళ్లదే, 2022లో వచ్చింది. నేను దీనికే ఓటేస్తా. ఇది వేరియబుల్ ఫాంట్, అంటే లావు 100 నుంచి 800 దాకా, వెడల్పు 75 నుంచి 125 దాకా ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. కాంపాస్ గుండ్రం కాదు, నాలుగు మూలలూ కొంచెం నిండుగా ఉండే గుండ్రం, అందుకే లావు చేసినా లోపల సందు మిగుల్తుంది. తొమ్మిది భారతీయ లిపులూ ఇంగ్లీషూ అన్నీ ఒకే కుటుంబం కాబట్టి రేపు మీరు బళ్లారికి సరుకు పంపితే కన్నడ లేబుల్ కూడా అదే ముఖంతో వేయించుకోవచ్చు. అనంతపురం వాళ్లకి ఇది పెద్ద లాభం.

అను ఫాంట్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ఊళ్లో ఏ డీటీపీకి పోయినా అదే చూపిస్తారు. వాటిల్లో లావు డిజైన్లు మంచివి ఉన్నాయి, నేనూ రోజూ పెళ్లిపత్రికలకీ కరపత్రాలకీ వాడతా. కానీ అవి యూనికోడ్ కాదు, అంటే అన్ని ఫోన్లకీ కంప్యూటర్లకీ ఉమ్మడిగా ఉండే అక్షర కోడ్ వాటికి లేదు. అదే పేరు తీసి వాట్సాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. బ్రాండ్ అన్నాక ఫోన్లో, ఆన్‌లైన్లో, బిల్లులో అన్నిచోట్లా అదే అక్షరం రావాలంటే యూనికోడ్ ఫాంటే దిక్కు.

ఆదోని_99

అక్కా ఫోటోషాప్‌లో అనేక్ వేస్తే ఒత్తులు విడిపోయి పక్కకొస్తున్నాయి, ఫాంట్ లోపమా?

కడప_డీటీపీ

ఫాంట్ లోపం కాదు నాన్నా, సెట్టింగ్. ప్రిఫరెన్సెస్‌లో టైప్‌కి పోయి టెక్స్ట్ ఇంజిన్ దగ్గర సౌత్ ఏసియన్ అని ఉండేది ఎంచుకో, కొత్త వెర్షన్లలో వరల్డ్ రెడీ అని ఉంటుంది. తర్వాత ఫోటోషాప్ మూసి కొత్త ఫైల్ తెరువు. ఇలస్ట్రేటర్‌లో అయితే ప్రిఫరెన్సెస్‌లో ఇండిక్ ఆప్షన్స్ టిక్ పెట్టి, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో సౌత్ ఏసియన్ కంపోజర్ పెట్టుకో. ఇంక్‌స్కేప్‌లో ఏమీ మార్చే పన్లేదు, ఒత్తులు వాటంతటవే కుదురుకుంటాయి. ప్రెస్సుకి ఇచ్చేముందు మాత్రం అక్షరాల్ని ఔట్‌లైన్ చెయ్యకుండా, అంటే ఫాంట్‌తో పని లేని బొమ్మగా మార్చకుండా ఎవ్వరికీ ఫైల్ ఇవ్వద్దు, కోరల్‌లో కంట్రోల్ క్యూ కొడితే చాలు. వాళ్ల సిస్టమ్‌లో ఆ ఫాంట్ లేకపోతే ఏదో ఒకటి వచ్చి కూర్చుంటుంది, అచ్చు అయిపోయాక చూసుకుని లాభం లేదు.

రేనాడు (యర్రగుంట్ల దగ్గర)

ఇంత మంచి చర్చ చదివి ఊరికే ఉండలేకపోయినా. ఫాంట్ల లోతు నాకు తెలీదు గానీ అక్షరం మీద ప్రేమ ఉంది.

గోథమ్ అని అందరూ పొగుడుతారే, అది ఎక్కడ నుంచి వచ్చింది? టోబియాస్ ఫ్రియర్-జోన్స్ న్యూయార్క్‌లో పాత బిల్డింగుల మీద ఉండే అక్షరాలు చూసి గీసింది, ఒక పత్రిక వాళ్లు అడిగితే 2000లో చేసినాడు, 2008లో ఒబామా ప్రచారంలో కనపడినాక ప్రపంచమంతా పాకింది. మోంట్సెరాట్ అయితే బ్యూనస్ ఎయిరిస్‌లో ఆ పేరుతో ఉండే పాతపేట బోర్డులు, పోస్టర్లు చూసి హులియెటా ఉలనోవ్‌స్కీ చేసింది. అంటే వాళ్లు వాళ్ల వీధిలో అక్షరాన్ని చూసి, దానికి మెరుగు పెట్టి ప్రపంచానికి ఇచ్చినారు. మనమేమో మన వీధి బోర్డు వదిలేసి వాళ్ల ఫాంట్‌కి తెలుగు తొడగాలని చూస్తాం. కర్నూల్లో పాతబస్తీలో, కడప ఏడురోడ్ల చుట్టుపక్కల, ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధుల్లో పెయింటర్లు చేత్తో రాసిన బోర్డులు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. ఒకే లావు గీత, గుండ్రటి పొట్టలు, పొట్టి తలకట్లు. మనక్కావాల్సిన బోల్డ్ అక్షరం వాటిల్లోనే ఉంది కదన్నా! పాతబోర్డు తీసేసి ఫ్లెక్స్ కట్టేముందు ఎవరైనా ఒక ఫోటో తీసి పెట్టండి.

ఇంకా వెనక్కి పోతే మా కలమళ్ళ శాసనం ఉంది, రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిది, క్రీ.శ. 575 ప్రాంతం. అప్పటి అక్షరాలు ఇప్పటివి కావు, కానీ రాతిమీద ఉలితో చెక్కిన అక్షరానికి సన్నగీత లావుగీత అని తేడా పెద్దగా ఉండదు. గీత ఒకే తీరుగా ఉండడం మనకి నిన్న మొన్న బయటినుంచి వచ్చింది కాదు అని చెప్పడానికే ఇది రాస్తున్నా.

కర్నూల్_బ్రష్

రేనాడు అన్నా, ఈ మాట విని కడుపు నిండింది. నా దగ్గర పాత ఫోటోలు కొన్ని ఉన్నాయి, స్కాన్ చేయించి పెడతా.

బోర్డులు_త్రీడీ (గుంతకల్లు)

డిజైన్ వరకు అందరూ చెప్పినారు, తయారీ ఎవ్వరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా, మాది ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్) షీట్ మీద అక్రిలిక్ లెటర్స్ బిగించే పని, లోపల ఎల్ఈడీ వస్తుంది.

గీత లావుగా ఉండే ఫాంట్ మాకు వరం. గీత సన్నమైతే లోపల ఎల్ఈడీ మాడ్యూల్ పట్టదు, రాత్రి ఒకచోట వెలుగు ఒకచోట చీకటి కనపడుతుంది. కానీ మరీ లావైతే ఇంకో సమస్య, వెలుతురు అంచులు దాటి పొంగుతుంది కాబట్టి అక్షరం లోపల సందులు రాత్రిపూట పూడిపోయినట్టు ఉంటాయి. పగలు చదవగలిగిన పేరు రాత్రి తెల్లటి ముద్ద. అందుకని లైటు బోర్డుకి సీసా మీద వాడిన లావు కన్నా ఒక మెట్టు తగ్గించండి. వేరియబుల్ ఫాంట్ అంటున్నారు కదా, లేబుల్‌కి 800 పెడితే బోర్డుకి 700 దగ్గర పెట్టి చూడండి.

ఇంకోటి, తెలుగులో విడిముక్కలు ఎక్కువ. ప, స, ష ల మీద తలకట్టు అక్షరానికి అతుక్కోకుండా పైన విడిగా ఉంటుంది, ఒత్తులు కింద విడిగా ఉంటాయి. ప్రతి ముక్కకీ వేరే స్టడ్డు, వేరే వైరు. చిన్న ముక్క గాలికి ఊగి ఊగి రాలిపోయేది అవే. మీ పేరులో గ, న ఉన్నాయి కాబట్టి తలకట్టు అక్షరంలోనే కలిసి వస్తుంది, మీకు ఆ బాధ తక్కువ. ద్ర కింద వచ్చే క్రావడి (ర ఒత్తు) మాత్రం చూసుకోవాల, డిజైన్‌లోనే ద కి కలిపేస్తే ఒకే ముక్కగా కోస్తాం.

వెక్టర్_సీమ

బ్రష్ అన్న తలకట్టు గురించి చెప్పినదానికి నేను ఒకటి కలుపుతా. ఉంచుదాం, కానీ టిక్కు గుర్తులాగా పొడుగ్గా సాగదీయకుండా పొట్టిగా, అక్షరం గీత ఎంత లావో అంతే లావుగా పెడదాం. అప్పుడు చదవడానికీ అడ్డం రాదు, జామెట్రిక్ కళా పోదు.

సైజు గురించి కూడా ఎవరో చెప్పాల్సింది. ఇంగ్లీషూ తెలుగూ రెండిటికీ 40 పాయింట్ అని ఒకే నంబర్ ఇస్తే తెలుగు చిన్నబోతుంది, ఎందుకంటే గుడికి పైన, ఒత్తుకి కింద చోటు వదలాల కాబట్టి అసలు అక్షరానికి మిగిలేది నడిమధ్య ముక్క. ఇంగ్లీషు క్యాపిటల్స్‌కి ఆ బాధే లేదు. కాబట్టి ముందు తెలుగు పేరు లేబుల్లో ఎంత పెద్దగా పడుతుందో అంత పెద్దగా పెట్టు, తర్వాత ఇంగ్లీషుని దానికి తగ్గట్టు తగ్గించు. ఇంగ్లీషుకి పాపిన్స్ వాడినా పర్లేదు, అనేక్‌లో ఉండే ఇంగ్లీషు వాడినా పర్లేదు, తెలుగు గ గీత లావూ ఇంగ్లీషు నిలువుగీత లావూ కంటికి సమానంగా అనిపించేదాకా వెయిట్ మార్చుకో.

అక్షరాల మధ్య సందు కూడా. 1970లో వచ్చిన ఐటీసీ అవాంట్ గార్డ్ చూసి అందరికీ అక్షరాలు ఒకదానికొకటి ఆనించి పెట్టాలని సరదా. గానుగ అనే మాటలో గా దీర్ఘం వచ్చి ను నెత్తిమీదికి పోతాది, ను కొమ్ము వచ్చి గ ని తోస్తాది. తెలుగుని అట్ల ఇరికించొద్దు, ఫాంట్ ఇచ్చిన సందు అట్లే ఉంచు.

కర్నూల్_బ్రష్

పొట్టి తలకట్టు సరే, దానికి నాకు అభ్యంతరం లేదు. మేం కూడా బ్లాక్ అక్షరాలకి అట్లే రాస్తాం.

ఏ ఫాంట్ తీసుకున్నా నీ పేరు ఒక్కటే రాసి చూసి బాగుందనుకోవద్దు తమ్ముడూ. రేపు అదే ఫాంట్‌తో ఊరి పేర్లు, ఆఫర్లు అన్నీ రాయాల. ప్రొద్దుటూరు అని రాయి, కింద క్రావడి, పైన ఒత్వం, దకి దావత్తు, టూ కొమ్ము దీర్ఘం అన్నీ ఒక్క మాటలో వస్తాయి. రాష్ట్రం, స్త్రీ రాయి, ఒత్తు కింద ఒత్తు ఎట్ల కూర్చుందో చూడు. ప పక్కన వ రాయి, రెండిటికీ తేడా నెత్తిమీది సందే, లావు ఎక్కువైతే అది మూసుకుపోతుంది. ర పక్కన ఠ, ధ పక్కన థ రాయి, పొట్టలో చుక్క విడిగా కనపడాల. కాయితం మీద ప్రింట్ తీసి గోడకి అంటించి అవతలి గోడ దగ్గర నిలబడి చదువు, ఇంట్లో వయసైనోళ్లతో చదివించు. ఫోన్లో చూసి ఒప్పుకోవద్దు.

గానుగ_అనంత

అందరికీ చానా థాంక్స్. అనేక్ తెలుగే ఖాయం చేసుకుంటాండా. రెండు డౌట్లు. ఫ్రీ ఫాంట్ కదా, లోగోలో వాడి సరుకు అమ్మితే రేపు ఎవరైనా అడుగుతారా? ఇంకోటి, లేబుల్ అంతా తెలుగులోనే వెయ్యొచ్చా?

కడప_డీటీపీ

ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉంది, లోగోకి, సీసాకి, బోర్డుకి దేనికైనా వాడుకోవచ్చు, రూపాయి కట్టే పన్లేదు. లోగోలో అక్షరాన్ని నీకు కావాల్సినట్టు మార్చుకోవచ్చు కూడా. ఫాంట్ ఫైల్‌నే విడిగా అమ్మకూడదు, మార్చిన ఫాంట్‌ని బయటికి ఇస్తే అదే లైసెన్స్ కింద ఇవ్వాలి, అంతే. గోథమ్ లాంటివి డబ్బులు పెట్టి కొనాల్సినవి, ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారని మాత్రం బ్రాండ్‌కి వాడొద్దు.

లేబుల్ విషయం, పేరు తెలుగులో ఎంత పెద్దగా అయినా పెట్టుకో. నికర పరిమాణం, ఎంఆర్పీ, తయారీదారు అడ్రస్ లాంటి తప్పనిసరి వివరాలు మాత్రం 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం ఇంగ్లీషులో గానీ దేవనాగరి హిందీలో గానీ ఉండాలి, తెలుగు దానికి అదనంగా వేసుకోవచ్చు. కాబట్టి వెనకాల ఇంగ్లీషు ఎట్లాగూ వస్తుంది, ముందువైపంతా తెలుగుకి ఇచ్చెయ్.

గానుగ_అనంత

సరే అక్కా. గానుగ పైన పెద్దగా, రెండో మాట కింద చిన్నగా పెడదామనుకుంటాండా.

కర్నూల్_బ్రష్

అదే కరెక్ట్. గానుగ లో ఒక్క ఒత్తు కూడా లేదు, కింద గీత కొట్టినట్టు సమానంగా కూర్చుంటుంది కాబట్టి రెండో మాటని దాని కిందికి బాగా దగ్గరగా తేవచ్చు. ద్ర ఉండే మాట కింద వరసలో ఉంటే క్రావడి దిగడానికి కింద ఖాళీ ఉంటుంది, దాన్ని ఎవరూ నొక్కరు. అదే మాట పైన పెట్టి ఉంటే క్రావడి కింది మాటలో గుడికో తలకట్టుకో తగిలేది. క్రావడి గీత మాత్రం అక్షరం గీత కన్నా కొంచెం పల్చన చెయ్యి, రెండూ ఒకే లావు అయితే కింద బరువెక్కి మాట వాలిపోయినట్టు కనపడుతుంది.

బోర్డులు_త్రీడీ

క్రావడి పల్చన చేసినా మాడ్యూల్ పట్టేంత వెడల్పు ఉంచండి. షట్టర్ వెడల్పు ఎంత, బోర్డు ఎంత ఎత్తులో బిగించాలో చెప్పు తమ్ముడూ, అక్షరం సైజు లెక్కేసి చెప్తా.

గానుగ_అనంత

షట్టర్ పన్నెండు అడుగులు, పైన సజ్జ దాకా మూడడుగుల జాగా ఉండాది. ఔట్‌లైన్ చేసిన ఫైల్ రేపు పంపుతా అన్నా.